ఎల్బీ నగర్ టు అమీర్‌పేట: కథలు రాసుకోవడానికి మెట్రో ఎలా ఉంది?

హైదరాబాద్ మెట్రో మీద రివ్యూలు చాలానే ఉన్నాయి. ఛార్జీలు, పార్కింగ్, ఏసీ అన్నీ రాశారు. నాకు కావలసిన సంగతి మాత్రం ఎవరూ రాయలేదు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఆఫీసులో నెలాఖరు లెక్కలు, వాటి మధ్య కథలు రాయాలన్న పిచ్చి. ఇలాంటి వాళ్ళకి ఈ రైలు పనికొస్తుందా?

పనికొస్తుంది. కాకపోతే ఎక్కడ ఎక్కుతారన్నదే అసలు విషయం.

రెడ్ లైన్ ఎల్బీ నగర్‌లోనే మొదలవుతుంది కాబట్టి పొద్దున అక్కడ సీటు దొరుకుతుంది. రైలుకి ఉన్నవి మూడే బోగీలు. దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట వాళ్ళు ఎక్కేసరికి కాలు పెట్టే సందు ఉండదు. చైతన్యపురిలో ఉండే నా స్నేహితురాలు కథ మధ్యలో ఉన్నప్పుడు ఆటోలో వెనక్కి ఎల్బీ నగర్ వచ్చి మరీ ఎక్కుతుంది. వాళ్ళాయన నవ్వుతాడట. నవ్వనివ్వండి, ఆ ఆటో డబ్బులకి ఆవిడ కొనుక్కునేది అరగంట.

ఆ అరగంట ఇంట్లో దొరకదు. రాత్రి అందరూ పడుకున్నాక కూర్చుందామంటే బుర్రలో ఇడ్లీ పిండి, యూనిఫామ్, పొద్దున కట్టాల్సిన డబ్బాలు తిరుగుతుంటాయి. రైల్లో "అమ్మా, నా స్కేలేది?" అని అడిగేవాళ్ళు లేరు. పైగా అమీర్‌పేటలో దిగక తప్పదు కాబట్టి మొదటి వాక్యం కోసం గోళ్ళు కొరుక్కుంటూ కూర్చోవడం కుదరదు. ఎంజీబీఎస్ దాటేలోపు ఏదో ఒకటి మొదలుపెట్టాల్సిందే. పంజాగుట్ట అనౌన్స్‌మెంట్ వినగానే, పాత్ర మాట్లాడుతున్నా సరే, అక్కడికక్కడే ఆపేస్తాను. మర్నాడు ఆ సగం డైలాగు దగ్గరే అందుకోవచ్చు.

ఫోనా, నోట్‌బుక్కా అంటే రెండూ. నోట్‌బుక్ చేతిలో ఇమిడేంత చిన్నదై ఉండాలి, అట్ట గట్టిగా ఉండాలి. బ్రేకు పడ్డప్పుడల్లా అక్షరం వంకర పోతుంది కానీ నా రాత నాకు తెలుస్తుంది. ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చేస్తుంది, వేగం ఎక్కువ. మా అమ్మమ్మ మాట్లాడినట్టు "గట్లెందుకంటవే" అని రాయబోతే మాత్రం కీబోర్డు తనకు తెలిసిన మాటేదో తెచ్చి పెడుతుంది. అందుకే నల్లగొండ యాసలో మాట్లాడే పాత్రలన్నీ నోట్‌బుక్కులో, మిగతా కథ ఫోన్లో. ఇంకో జాగ్రత్త. ఈ లైన్ అంతా పైన స్తంభాల మీదే నడుస్తుంది కాబట్టి సిగ్నల్ బాగానే అందుతుంది, వాట్సాప్ మోగుతూనే ఉంటుంది. ఎక్కగానే ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయండి.

అమీర్‌పేటలో బ్లూ లైన్‌కి మారాక కథ వేరు. హైటెక్ సిటీకి వెళ్ళేవాళ్ళంతా అక్కడే పోగవుతారు. ఒక చెయ్యి కడ్డీకి పోతుంది, ఇక కొత్తగా ఏమీ రాయలేం. నేనైతే నిన్నటిది చదువుకుంటూ అక్కర్లేని విశేషణాలు కొట్టేస్తాను. దానికి బొటనవేలు చాలు. మాదాపూర్ వచ్చేసరికి ఒక పేరా చిక్కిపోయి ఉంటుంది, అదీ మంచిదే.

సాయంత్రం తిరుగు ప్రయాణాన్ని లెక్కలో వేసుకోకండి. ఒక స్టేషన్ వెనక్కి రాయదుర్గం వెళ్ళి ఎక్కితే సీటు దొరుకుతుందని సలహా ఇస్తారు. దొరకవచ్చు. ఆ వేళకి రాయడానికి మనిషిలో ఏమైనా మిగలాలి కదా! పైగా ఎవరో ఒకరు ఇయర్‌ఫోన్ లేకుండా రీల్స్ పెడతారు, అంత చదువుకున్నవాళ్ళకి ఆ కాస్త ఇంగితం ఎందుకుండదో. నేను ఆడవాళ్ళ వైపు నిలబడి పక్కవాళ్ళ మాటలు వింటాను. అత్తగారి మీద ఫిర్యాదు ఏ కులం, ఏ జిల్లా ఆవిడ చెప్పినా ఎక్కడ గొంతు తగ్గించాలో అక్కడే తగ్గిస్తుంది.

పొద్దున ఎల్బీ నగర్–అమీర్‌పేటకి ఐదుకి నాలుగున్నర ఇస్తాను. అమీర్‌పేట–హైటెక్ సిటీకి దిద్దుబాటు కోసం మూడు. సాయంత్రానికి ఒకటి, అది కూడా వినికిడికే. చిన్న కథలు, కవితలు రాసేవాళ్ళు నిశ్చింతగా నమ్ముకోవచ్చు. నవల మొదలుపెట్టినవాళ్ళకి మాత్రం చెప్పను. వెనకటి అధ్యాయాలు పరుచుకుని చూసుకోవాలంటే బల్ల కావాలి, ఆదివారం కావాలి, పిల్లల్ని అమ్మమ్మ ఇంటికి పంపాలి.