కామిక్ పుస్తకాల సెట్టు అని డబ్బులు కట్టించుకుంటున్నారు, నెల్లూరోళ్లూ జాగ్రత్త

ఫోన్లో ప్రకటన చూసి నాలుగు కామిక్ పుస్తకాల సెట్టుకు 1,450 రూపాయలు ముందే కట్టేశాను. మాది మాగుంట లేఅవుట్. ఆ ప్రకటనలో, పక్కింటోళ్లు కారు మార్చారని మనమూ మార్చడం, వాళ్లు గోడ అడుగు లేపితే ఇవతలోళ్లు రెండడుగులు లేపడం, గృహప్రవేశంలో ఎవరి పట్టుచీర ఎంతన్న ఆరా... ఇట్టాంటివాటి మీద పెద్దోళ్ల కోసం వేసిన హాస్యం అని రాశారు. ఆ రకం బొమ్మలంటే నాకు ప్రాణం.

వచ్చింది ఏందంటే, ఎవరిదో ఇంగ్లీషు కామిక్ స్కాన్ చేసి, మాటలు చెరిపి, మిషన్ అనువాదం చేసిన తెలుగు అతికించి పిన్నులు కొట్టిన కట్ట. ఈ బొమ్మల్లో సగం నవ్వు మూలల్లోనే ఉంటుంది: కొత్త ఫ్రిజ్ మీద పీకకుండా ఉంచిన స్టిక్కరు, కర్టెన్ చాటునుంచి తొంగిచూసే పక్కింటామె. అవన్నీ అలుక్కుపోయాయి. ఒకామె పొగుడుతున్నట్టే పొడిచే చోట "అబ్బో, మీకేంలేమ్మా" అని ఉంటే ఆ మంట తెలిసేది. అక్కడ "మీరు చాలా అదృష్టవంతులు అయి ఉన్నారు" అని ఉంది. బొమ్మ గీసినాయన సంతకం ఉండాల్సిన చోట తెల్ల మచ్చ. అది చూసి కడుపు మండిపోయింది.

నాలుగో పుస్తకానికి ఈ హాస్యంతో సంబంధమే లేదు, అన్నీ బూతు బొమ్మలు. పార్శిల్ విప్పింది ఎనిమిదో తరగతి చదివే మా చిన్నోడు. దయచేసి పిల్లల చేతికి ఇయ్యబాకండి.

మెసేజ్ పెడితే చూశారు, తర్వాత బ్లాక్ చేశారు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం చిరునామా, ఫిర్యాదులు తీసుకునే అధికారి పేరు చూపించాలి; ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఆ పేజీలో ఫోన్ నంబరు తప్ప ఏమీ లేదు. యూపీఐ రసీదు, స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాను. పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీయలేదు, మీరు తీయండి.

కొనేముందు ముద్రణ వివరాల పేజీ ఫోటో అడగండి. పుస్తకాన్ని గుర్తుపట్టడానికి ఇచ్చే, 978తో మొదలయ్యే 13 అంకెల నంబరు (ఐఎస్‌బీఎన్) చిన్న ప్రచురణలకు లేకపోవచ్చు గానీ, గీసినోళ్ల పేరు, ప్రచురించినోళ్ల పేరు ఉండాలి. లోపలి పేజీలు తిప్పుతూ వీడియో పంపమనండి. పంపకపోతే వదిలేయండి.

మొన్న అదే ప్రకటన ఇంకో పేరుతో కనబడింది. ధర 999కి దించారు. రెండు మేడలు, మధ్యలో గోడ, బొమ్మ మాత్రం అదే.