బ్యాంకాక్ టికెట్ కొనేముందు: విజయవాడ ప్రయాణికులకు ఒక హెచ్చరిక

విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక ట్రావెల్ ఏజెన్సీ మా కుటుంబానికి బ్యాంకాక్ టికెట్లు అమ్మిన తీరు గురించి, సెలవుల ప్రయాణాలకు డబ్బు కట్టబోతున్నవారు తెలుసుకోవాలని ఇది రాస్తున్నాను.

వారిచ్చిన కాగితంలో ‘హైదరాబాద్–బ్యాంకాక్, 2,400 కి.మీ., మూడున్నర గంటలు’ అని ఉంది. నేరుగా వెళ్లే విమానానికైతే ఆ అంకెలు దాదాపు సరైనవే. కానీ పూర్తి డబ్బు ముట్టాక చేతికొచ్చినవి కౌలాలంపూర్ మీదుగా వెళ్లే టికెట్లు. హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్ సుమారు 3,000 కి.మీ., అక్కడి నుంచి వెనక్కి ఉత్తరానికి బ్యాంకాక్ మరో 1,200 కి.మీ. పైగా ఉంటుంది. నిలదీస్తే, ‘మధ్యలో ఆగినా గాలిలో ఉండేది అంతేనండీ’ అన్నారు. అది పచ్చి అబద్ధం. గాలిలోనే సుమారు ఆరు గంటలు గడుస్తాయి, నిరీక్షణ అదనం. విజయవాడ నుంచి శంషాబాద్ చేరడానికి రోడ్డు మీద పట్టే అయిదారు గంటల సంగతి సరేసరి.

అంతకంటే పెద్ద మోసం, అవి రెండు వేర్వేరు పీఎన్‌ఆర్‌లతో (బుకింగ్ నంబర్లతో) కొన్న రెండు విడి టికెట్లు కావడం. అలాంటప్పుడు సామాను నేరుగా బ్యాంకాక్‌కు చేరకపోవచ్చు. మలేషియా డిజిటల్ అరైవల్ కార్డును అక్కడికి చేరకముందే ఆన్‌లైన్‌లో నింపి, కౌలాలంపూర్‌లో ఇమిగ్రేషన్ దాటి, పెట్టెలు తీసుకుని, మళ్లీ చెక్-ఇన్ చేయాలి. మోకాళ్ల నొప్పులున్న నాన్నగారితో మేము పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, రెండో సంస్థ తమకు సంబంధం లేదంది, ఏజెంటు ఫోను ఎత్తలేదు. అప్పటికప్పుడు కౌంటర్‌లో ఎక్కువ ధరకు కొత్త టికెట్లు కొనుక్కున్నాము.

టికెట్ మీద గంటలు లెక్కపెట్టేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం, ఎందుకంటే అందులో వేసే సమయాలు ఏ ఊరివి ఆ ఊరివే. బ్యాంకాక్ మనకంటే గంటన్నర, కౌలాలంపూర్ రెండున్నర గంటలు ముందుంటాయి. అందువల్ల బ్యాంకాక్‌లో రాత్రి 10 గంటలకు బయలుదేరి 12కు హైదరాబాద్‌లో దిగే విమానం రెండు గంటలదిగా కనిపించినా, అసలు ప్రయాణం మూడున్నర గంటలు. ఈ తేడాను చూపించి ‘వేగంగా వెళ్లే విమానం’ అని అమ్మేవారూ ఉన్నారు.

డబ్బు కట్టకముందే విమాన నంబర్లు, ఎన్ని పీఎన్‌ఆర్‌లు, సామాను చివరి గమ్యం ఏది అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. బ్యాంకాక్‌లో సువర్ణభూమి, డాన్ ముయాంగ్ అని రెండు విమానాశ్రయాలున్నాయి, ఊరికి చెరో వైపు. రానుపోను టికెట్లలో ఏది ఎక్కడిదో చూసుకోండి. మా ఫిర్యాదును జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు నమోదు చేయించాము. ఏజెన్సీ ఇచ్చిన ఆ కాగితం, రసీదు, వాట్సాప్ సందేశాలు మా దగ్గర భద్రంగా ఉన్నాయి.