తీర్థాల వ్యానులో కూత పెట్టే డిష్ మీటరు

డిష్ సిగ్నల్ వెతికే చిన్న మీటరు ఒకటి చాలా సీజన్ల నుంచి మా వ్యానులో ఉంది. సాట్ ఫైండర్ అంటారు. అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ డబ్బా, మధ్యలో ముల్లు, కింద తిప్పే నాబు, పైన రెండు కేబుళ్లు బిగించుకునే మరలు. వ్యాను కోసం కొన్న సామాన్లన్నిటిలోనూ నాకు దీనిమీదే ఎక్కువ ఇష్టం. అది కూడా దాని కూత వల్లే. ముల్లు లేకుండా కూత ఒక్కటే ఉన్నా కొనేవాణ్ణి.

మాది తీర్థాల్లో, అంటే గుడి జాతరల్లో పెట్టే ఫ్యాన్సీ షాపు. గాజులు, బొమ్మలు, బుడగలు. కార్తీకంలో ద్రాక్షారామం, పాలకొల్లు. సంక్రాంతికి జగ్గన్నతోట ప్రభల తీర్థం. మాఘంలో అంతర్వేది కల్యాణాలు. సీజన్ మొదలైతే మాకు వ్యానే ఇల్లు. వంట, పడక అన్నీ అందులోనే. నేను, మా ఆవిడ, మా నాన్నగారు. నాన్నగారికి సాయంత్రం వార్తలు ఉండాలి, ఇండియా మ్యాచ్ ఉంటే మ్యాచ్ ఉండాలి. అందుకే ఫ్రీ డిష్, నెల చందా లేని దూరదర్శన్ వాళ్ల డిష్. ఆయన మాత్రం ఇప్పటికీ దాన్ని 2004లో వచ్చినప్పటి పేరుతో డీడీ డైరెక్ట్ అనే అంటారు.

ఫోన్లో చూసుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. తీర్థం రోజు అంతర్వేదికి వచ్చి ఫోన్ తెరిచి చూడండి. గీతలు నిండుగా ఉంటాయి, వీడియో మాత్రం గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. అంతమంది జనం ఒకే టవర్ మీద పడితే ఒక్కొక్కరి వాటాకి వచ్చేది ఏమీ ఉండదు. డిష్‌కి ఆ బాధ లేదు. 36 వేల కిలోమీటర్ల పైనుంచి పడే సిగ్నల్‌ని పదిమంది పట్టుకున్నా పది లక్షలమంది పట్టుకున్నా ఎవరి వాటా తగ్గదు. జనం ఎక్కువైన చోటే మా టీవీ నిక్షేపంగా ఆడుతుంది.

చిక్కల్లా డిష్‌ని కొత్త చోట మళ్లీ నిలబెట్టడంలో ఉంది. మీటరు కొనకముందు మా పద్ధతి అందరికీ తెలిసిందే. నేను బయట డిష్ తిప్పడం, మా ఆవిడ లోపలినుంచి టీవీ చూస్తూ "రాలేదండీ... వచ్చింది... అయ్యో, పోయింది" అని చెప్పడం. తీర్థంలో నాలుగు పక్కలా మైకులు మోగుతుంటే ఆవిడ మాట నాకు వినపడదు, నా మాట ఆవిడకి వినపడదు. టీవీకి తగిలించే సెట్‌టాప్ బాక్సు కూడా సిగ్నల్ దొరికాక బొమ్మ చూపించడానికి రెండు మూడు సెకన్లు తీసుకుంటుంది. ఆవిడ "వచ్చింది" అనేలోపు నా చెయ్యి అక్కణ్ణించి జరిగిపోయి ఉంటుంది.

మీటరుని డిష్‌కీ బాక్సుకీ మధ్య బిగిస్తే ఆ గొడవంతా పోతుంది. సిగ్నల్ పెరిగేకొద్దీ కూత సన్నబడి, చెవి దగ్గర దోమ పాడినట్టు కీచుమంటుంది. ఆలస్యం లేదు, చెయ్యి కదిలిన క్షణమే తెలుస్తుంది. కళ్లు డిష్ మీద, చెవి కూత మీద. ఒక్కణ్ణే నిలబెట్టుకోగలను. మా ఆవిడ ఈలోపు షాపు సర్దుకుంటుంది. ఇంత తక్కువ ధరకి ఇంత సుఖం ఇచ్చిన వస్తువు నేను ఇంకోటి చూడలేదు.

ఇది కొన్న కొత్తలో మా తోటి షాపులవాళ్లందరికీ చెప్పాను, కళ్లు మూసుకుని కొనుక్కోండి అని. ఇప్పుడైతే ఆ మాట కొంచెం మార్చి చెబుతాను. ఎందుకో చెప్పాలంటే జగ్గన్నతోట సంగతి చెప్పాలి.

కనుమ నాటి తీర్థం. పేరుకు తగ్గట్టే అది కొబ్బరితోట. ముందురోజే వెళ్లి వ్యాను పెట్టుకున్నాం, నెత్తిమీద కాస్త ఆకాశం కనబడే సందు చూసుకుని మరీ. కోనసీమలో డిష్ పెట్టేవాళ్లు ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు దగ్గర ఉంటుంది. మన డెల్టా నుంచి చూస్తే అది ఆగ్నేయానికి కాస్త దక్షిణంగా, నేలనుంచి దాదాపు 66 డిగ్రీల ఎత్తులో, అంటే ఇంచుమించు నెత్తిమీదే ఉన్నట్టు లెక్క. కానీ ఈ చిన్న డిష్‌లు ఆఫ్‌సెట్ రకం. మొహం ఎటు తిరిగి ఉంటుందో అటు చూడవు, దానికి పాతిక డిగ్రీల దాకా పైకి చూస్తాయి. డిష్ ఎదురుగా చెట్టు మొదలే కనబడుతోంది, అడ్డం ఏమీ లేదు అనుకుంటాం. అది చూసేది పైన ఉన్న మట్టల్ని. మట్ట గాలికి ఊగినప్పుడల్లా బొమ్మ ముక్కలవుతుంది. తడిసిన మట్టయితే మరీను.

సరే, సందు చూసుకున్నాను, డిష్ నిలబెట్టాను, మీటరు బిగించాను. ముల్లు చివరికంటా కొట్టింది. కూత నిండుగా ఉంది. లోపలికి వచ్చి బాక్సులో సెటప్ చూస్తే స్ట్రెంగ్త్ గీత బ్రహ్మాండంగా ఉంది, కింద క్వాలిటీ గీత సున్నా. ఒక్క ఛానెల్ లేదు. రీస్కాన్ చేశాం, లేదు. కేబుల్ మార్చాం, లేదు. డిష్ ముందు కొమ్మకి ఉండి సిగ్నల్ అందుకునే ముక్క, ఎల్‌ఎన్‌బీ, స్పేర్‌గా ఉంచుకున్నది వేశాం, లేదు. చీకటి పడుతోంది, తెల్లారితే ప్రభలు వస్తాయి, షాపు సగం కూడా సర్దలేదు. నాన్నగారు మంచమ్మీద కూర్చుని "సిగ్నల్ ఉందంటావు, బొమ్మ ఏదిరా?" అంటున్నారు. నిజంగా టెన్షన్ వచ్చేసింది. మీటరు అంత గట్టిగా కూస్తుంటే తప్పు బాక్సుదో టీవీదో అనే ఎవరైనా అనుకుంటారు.

పక్క ఊరి కుర్రాడు ఒకతను పాపకి గాజులు చూడ్డానికి వచ్చి మా అవస్థ చూశాడు. డిష్‌లు బిగించే పని చేస్తాడట. మీటరు చేతిలోకి తీసుకుని ఒక నిమిషం విని, "ఆయ్, సిగ్నలుందండి. కానీ మీది కాదండి" అన్నాడు.

తర్వాత చేసి చూపించాడు. ముందు నాబు బాగా తగ్గించేశాడు, కూత చచ్చీ చావనంత వరకు. డిష్‌ని కొంచెం దక్షిణానికి తిప్పి, అక్కణ్ణించి అంచు పట్టుకుని మెల్లగా, చాలా మెల్లగా తూర్పు వైపు లాగడం మొదలుపెట్టాడు. కూత లేచింది, పడిపోయింది. అంచు ఒక బెత్తెడు జరిగాక మళ్లీ లేచింది. ఇంకో వేలు మందం జరిపి, డిష్‌ని పిసరంత కిందికి దించితే, ఆ రెండోదాన్ని ఆనుకునే మూడోది. "మొదటిది 88 డిగ్రీలదండి, చివర్ది 95దండి. వేరే డిష్ కంపెనీలవండి. నడిమిది మీదండి" అన్నాడు. నడిమి కూత దగ్గర ఆపి నట్లు బిగించాడు. లోపల క్వాలిటీ గీత లేచి నిలబడింది. నాన్నగారు అతని చేత టీ తాగిస్తేగాని వదల్లేదు. పాప గాజులకి నేను డబ్బు తీసుకోలేదు.

సంగతి ఏంటంటే, ఈ చవక మీటరుకి ఉపగ్రహాలు గుర్తుపట్టడం రాదు. ఆ దిక్కునుంచి ఎంత శక్తి వస్తోందో కొలిచి కూస్తుంది, అంతే. నాబు పెంచేస్తే మూడింటికీ ఒకేలా నిండుగా కూస్తుంది. మనది ఏదో తేల్చేది బాక్సులో క్వాలిటీ గీత ఒక్కటే. ఏ పెట్టెమీదా ఈ మాట రాయరు, అమ్మేవాడు చెప్పడు. అందుకే ఇప్పుడు కళ్లు మూసుకుని కొనమని ఎవరికీ చెప్పను. నాబు తగ్గించి వాడండి, చివరి మాట క్వాలిటీ గీతనే అడగండి అని చెబుతాను. ఆ కుర్రాడు చెప్పిందే ఇంకోటి: ఊళ్లో ఏ పెంకుటింటి మీదైనా సన్ డైరెక్ట్ డిష్ ఉంటే దాని దిక్కు చూసి పెట్టుకోవచ్చు, అదీ 93.5 నుంచే. టాటా వాళ్లదైతే 83 డిగ్రీలు, మనకి ఇంచుమించు నేరుగా దక్షిణం. దాన్ని చూసి పెడితే అంతే సంగతులు.

కూత లేకపోయినా ఈ మీటరు పనికొస్తుందని తెలిసింది అంతర్వేదిలో. రాత్రి చక్కగా ఆడిన టీవీ పొద్దున్నే నో సిగ్నల్ అంది. మీటరు బిగిస్తే కూత లేదు సరికదా, దాని లైటు కూడా వెలగలేదు. మీటరుకి సెల్ ఉండదు, బాక్సునుంచి కేబుల్లో వచ్చే 13, 18 వోల్టులే దానికి తిండి. లైటు లేదంటే కరెంటు డిష్ దాకా రావడం లేదన్నమాట. మీటరుని లోపల బాక్సు పక్కనే చిన్న కేబుల్‌తో కలిపితే వెలిగింది. అంటే తప్పు పొడుగు కేబుల్లోనే ఉంది. డిష్ చివర కనెక్టరు విప్పితే లోపల రాగి తీగ పచ్చగా చిలుము పట్టి, వేలితో తాకితే పొడిలా రాలింది. అక్కడ వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు, గాలంతా ఉప్పే. జానెడు కేబుల్ కోసేసి కొత్త కనెక్టరు వేశాను, వచ్చేసింది. అప్పటినుంచి లైటు వెలగకపోతే కేబుల్, లైటు వెలిగి కూత లేకపోతే డిష్ దిక్కో ఎల్‌ఎన్‌బీయో అని వెంటనే తేలిపోతోంది. కనెక్టర్ల మీద రబ్బరు టేపు చుట్టకుండా సముద్రం వైపు వెళ్లడం లేదు.

మొంథా తుపాను సంగతి కూడా చెప్పాలి. 2025 అక్టోబర్ 28 రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటింది కదా, అప్పుడు మేం ఊళ్లోనే ఉన్నాం. కరెంటు తీసేశారు, తెల్లారేసరికి ఫోన్లలో నెట్‌వర్క్ కూడా పోయింది. రాత్రి ఆ గాలికి డిష్ నిలబెట్టే మాటే లేదు, అంత వానలో ఎలాగూ ఈ సిగ్నల్ రాదు. పొద్దున్న వాన సన్నబడ్డాక వ్యాను బ్యాటరీతో బాక్సు, చిన్న టీవీ వేసి, మీటరు కూత వింటూ డిష్ తిప్పాను. బొమ్మ వచ్చింది. మా వీధివాళ్లంతా వ్యాను తలుపు దగ్గర నిలబడి వార్తలు చూశారు, ఎక్కడ రోడ్డు తెగిందో, ఏ ఊరికి దారుందో అని. ఆ పొద్దున్న ఈ డబ్బా మీద నాకు గౌరవం పుట్టింది.

కోపాలూ ఉన్నాయి. మీటరు మీద అతికించిన దిక్సూచి వ్యాను దగ్గర దండగ, ఇనుము పక్కన ముల్లు ఎటో తిరుగుతుంది. పది అడుగులు దూరం వెళ్లి చూసుకోవాలి. కూత ఆపడానికి వేరే స్విచ్ లేదు. పక్క షాపులో పసిపిల్లలు పడుకున్న వేళ దాన్ని తువ్వాల్లో చుట్టి వాడాల్సి వస్తోంది. పనయ్యాక విప్పెయ్యాలి కూడా, మధ్యలో వదిలేస్తే కొంత సిగ్నల్ అదే తినేస్తుంది.

ఉపగ్రహంతోనే ఇంటర్నెట్ వస్తుంది, ఇవన్నీ ఎందుకు అనేవాళ్లున్నారు. స్టార్‌లింక్‌కి మన దేశంలో 2025 జూన్‌లో లైసెన్సు వచ్చింది. నేను వాడలేదు కాబట్టి బాగోగులు చెప్పను. కాకపోతే వాళ్ల ఉపగ్రహాలు ఇంచుమించు 500 కిలోమీటర్ల ఎత్తులో పరుగెడుతూ ఉంటాయి, వాటిని పట్టుకోవాలంటే ఆకాశం అన్ని వైపులా విశాలంగా కనబడాలి. మాకు కొబ్బరితోటలో ఒక్క సందు దొరకడమే గగనం. మా మటుకు నిలకడగా ఒక్కచోటే ఉండే ఉపగ్రహమే నయం.

ఇంటి డాబా మీద ఒక్కసారి డిష్ బిగించి వదిలేసేవాళ్లకి ఈ మీటరుతో పనిలేదు, మెకానిక్ వచ్చి చూసుకుంటాడు. ఫోన్ నెట్‌వర్క్ బాగున్న ఊళ్లలోనే తిరిగేవాళ్లకీ అక్కర్లేదు. మాలాగా నాలుగు రోజులకో చోట మకాం మార్చేవాళ్లు, ఇంట్లో టీవీ కోసం ఎదురుచూసే పెద్దవాళ్లున్నవాళ్లు తీసుకోవచ్చు. తీసుకుంటే లైటు ఉన్న రకమే తీసుకోండి. నాబు బిగుతుగా తిరుగుతోందో లేదో షాపులోనే తిప్పి చూడండి, వదులుగా ఉన్నది వ్యాను కుదుపులకి తొందరగా పాడవుతుంది. దాంతోపాటు నాలుగు కనెక్టర్లు, ఒక రబ్బరు టేపు కూడా కొనుక్కోండి. తీర్థంలో అవి దొరకవు.