కాలి మిషన్ మీద 1885 నాటి గౌను

వరంగల్ స్టేషన్ రోడ్డులో పాత మిషన్లు బాగుచేసి అమ్మే ఒక చిన్న దుకాణంలో 4,500 రూపాయలకు ఈ నల్ల కాలి మిషన్ కొన్నాను. ఇంట్లో కరెంటు మిషన్ ఉండగా ఇదెందుకని మావాళ్లు అడిగారు. నా చెల్లె బిడ్డ ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతోంది, నాటకంలో విక్టోరియా రాణి కాలపు దొరసాని వేషం. 1885 నాటి బట్టలు నన్నే కుట్టమంది. ఆ పని కోసమే తీసుకున్నా.

అమెరికాకు చెందిన ఐజాక్ సింగర్ తన కుట్టు మిషన్‌కు 1851లోనే పేటెంటు తీసుకున్నాడు. 1880ల నాటికి ఇంగ్లండు ఇళ్లల్లో మిషన్ కొత్త వస్తువేం కాదు. పొడవు కుట్లు మిషన్ మీద వేసేవారు. కాజాలు, నడుము దగ్గరి సన్న కుచ్చిళ్లు, కింది తురుపు చేత్తో చేసేవారు. నేనూ అట్లే చేశా.

అన్నిటికన్నా ముందు కార్సెట్ కుట్టాలి, అంటే గౌను లోపల వేసుకుని తాడుతో నడుము బిగించే, పుల్లలు పెట్టిన బట్ట. ఈ మాట తెలియక పిల్లకు మామూలుగా కొలతలు తీసి, పై జాకెట్టును కోరా గుడ్డలో కత్తిరించా. కార్సెట్ బిగించాక చూస్తే నడుము రెండు ఇంచులు తగ్గింది, ఛాతీ పైకి లేచింది. జాకెట్టు ఎక్కడా కుదరలేదు. మంచి గుడ్డ కోయలేదు గనుక సరిపోయింది. కార్సెట్‌లో పుల్లలకు బదులు ఎలక్ట్రికల్ దుకాణంలో దొరికే వెడల్పాటి కేబుల్ టైలు వాడా. కొసలు గుండ్రంగా కత్తిరించి, మంట చూపించి నునుపు చేశా.

కార్సెట్‌కు తాడు దూర్చే రంధ్రాలు ఇరవై నాలుగు. వాటిని కత్తెరతో కోయకూడదు. దబ్బనంతో గుచ్చి, పోగులు తెగకుండా పక్కకు జరిపి, చుట్టూ కాజా కుట్టు దగ్గర దగ్గరగా వేయాలి. పోగు తెగితే తాడు లాగినప్పుడు రంధ్రం చీలుతుంది. ఒక్కోదానికి పావుగంట పట్టింది. చూపుడువేలు కాయ కాసింది, కానీ ఒక్కటీ సాగలేదు.

జాకెట్టు మాత్రం మన లైనింగ్ జాకెట్టుకు దగ్గరి చుట్టమే. ప్రతి ముక్కకూ అస్తరు కచ్చా కుట్టుతో అంటించి, రెండూ ఒకే గుడ్డ అన్నట్టు కలిపి కుట్టాలి. కాలి మిషన్ విలువ ఇక్కడ తెలిసింది. వంపు దగ్గర కాలు ఆపి, చక్రం చేత్తో తిప్పి ఒక్కో కుట్టూ వేసుకోవచ్చు. కరెంటు మిషన్ నాకు అక్కడ ఉరుకుతుంది. లంగాకు ఆరు కలీలు, చుట్టు నూరు ఇంచులు. వెనుక ఎత్తుగా నిలిచే బస్టిల్‌కు పత్తి దిండు కట్టి, దాని మీద గంజి పెట్టిన కుచ్చుల గుడ్డ వేశా.

ఈ మిషన్‌కు లోపాలూ ఉన్నాయి. వెనక్కి కుట్టు లేదు, ప్రతి చివరా దారాలు ముడి వేయాలి. వానాకాలం తోలు పట్టా సాగి జారుతుంది. దుకాణం అన్న ఇంటికొచ్చి కోసి బిగించి వెళ్లాడు, రూపాయి తీసుకోలేదు. అస్తరు, గుడ్డ కలిసి మందమైన దగ్గర 16 నంబరు సూదే వేయండి, 14 విరుగుతుంది.

ఇప్పుడు దీని మీదే బతుకమ్మ జాకెట్లు కుడుతున్నా. కొనేవాళ్ల ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం, కింది చక్రానికి చెక్క మూత చేయించి తెచ్చుకోండి.