సుబేదారి మేడ మీద పసిపిల్లల పాటల క్లాసు: ఒక నాన్న రివ్యూ

సంగీతం క్లాసు అనగానే సరిగమలు అనుకుని వెళ్లేవాళ్లకు ముందే చెప్తున్నా, ఇక్కడ ఎన్ని నెలలు కూర్చున్నా సరళీ స్వరాలు వినపడవు. హనుమకొండలో సుబేదారి దగ్గర ఓ ఇంటి రెండో అంతస్తు. ఏడాదిన్నర నుంచి నాలుగేళ్ల దాకా పిల్లలకు శనివారం పొద్దున ముప్పావు గంట క్లాసు. పిల్లతో పాటు అమ్మో, నాన్నో, నానమ్మో ఎవరో ఒకరు చాప మీద కూర్చోవాల్సిందే. ఫీజు నెలకు 1,600 రూపాయలు. క్లాసు పేరు రాయడం లేదు. కొన్ని ఫిర్యాదులు కూడా చెప్పబోతున్నా, పాపం ఒక్క మనిషే నడుపుకుంటున్నారు.

మా పాపకు రెండున్నరేళ్లు. మా ఆవిడ టీచరు, శనివారం కూడా స్కూలుంటుంది. నాది కాజీపేటలో రైల్వే డ్యూటీ. రెస్ట్ దొరికితే నేను తీసుకెళ్తా, దొరక్కపోతే మా అమ్మ. చాప మీద దాదాపు అందరూ తల్లులే. కొత్తలో ఒకావిడ "పాపను దింపేసి వెళ్లొచ్చేమో కదన్నా, మీకెందుకీ తిప్పలు" అన్నారు కూడా. కుదరదు, ఈ క్లాసు పద్ధతే అది.

ముందు గుండ్రంగా కూర్చుని ఒక్కో పిల్లను పేరు పెట్టి పిలిచే పాట. తర్వాత ఒళ్లో కూర్చోబెట్టుకుని ఊపే పాట. ఆ తర్వాత గిలకలు, చిడతలు, చిన్న డప్పు. కాసేపు గదంతా గెంతులు, చివర్లో ఓ జోల. అయిపోయిందని చెప్పడానికి పెంబర్తి ఇత్తడి గంట ఒకటి మోగిస్తారు. దాని కోసం పిల్లలు ప్రతిసారీ కొట్లాటే. పైకి చూస్తే ఇంతే. కానీ టీచరు చూపు పిల్లల మీద కన్నా మన మీదే ఎక్కువ ఉంటుంది. పాట సగంలో ఫోన్ తీస్తే ఎదురుగా వచ్చి కూర్చుని, మనం తాళం అందుకునేదాకా కదలరు.

నాకు నచ్చింది కూడా అదే. ఈ వయసు పిల్ల తాళం తప్పకుండా వేయాలని ఇక్కడ ఎవరూ అనుకోరు. మా పాప గిలకను ఊపేదానికన్నా నోట్లో పెట్టుకునేదే ఎక్కువ. ఆ మాటే టీచర్ని అడిగితే, ఊగితే చాలు, లయ తర్వాత కుదురుతుంది అన్నారు. ఇంటికొచ్చి నేనూ వెతికి చదివా. అయిదు నెలల నుంచి రెండేళ్ల పిల్లల మీద చేసిన ఒక పరిశోధన 2010లో అచ్చయింది. పిల్లలు మాటలకన్నా సంగీతానికే ఎక్కువగా కదిలారట, కానీ లయతో కచ్చితంగా కలవలేదట. అంటే తాళం నిలబెట్టాల్సింది ఒళ్లో కూర్చోబెట్టుకున్న మనమే.

ఇంకో మంచి సంగతి చెక్క పలకల వాయిద్యం. సుత్తిలాంటి పుల్లతో కొడతారే, జైలోఫోన్. జర్మనీ సంగీతకారుడు కార్ల్ ఓర్ఫ్ (1895–1982) పద్ధతిలో పలకలను ఊడదీసి పెట్టుకోవచ్చు. మా టీచరు కర్ణాటక సంగీతం నేర్చుకున్న మనిషి. మధ్యమం, నిషాదం (మ, ని) పలకలు తీసేసి ఐదు మాత్రమే ఉంచుతారు. మిగిలినవి మోహన రాగం స్వరాలు. ఇక పిల్లలు ఎక్కడ బాదినా చెవికి ఇబ్బంది ఉండదు. మా పాప చేతికి పుల్ల ఇచ్చి మేం ప్రశాంతంగా కూర్చునే చోటు హనుమకొండలో అదొక్కటే.

శ్రుతి విషయంలో మగవాళ్లకు కొంచెం కష్టం. మనం అలవాటుగా గొంతు దించి పాడతాం, అది పిల్లలకు అందదు. శ్రుతిపెట్టె ఆడవాళ్లకు సరిపోయేలా ఎత్తుగా, ఐదు శ్రుతి మీద పెట్టి ఉంటుంది. "గొంతు లేపండి సార్, సిగ్గుపడకండి" అంటారు. లేపితే నా గొంతు కీచుమంటుంది, ఎదుటి చాప మీది పిల్లలు పడీపడీ నవ్వుతారు. కొందరు నాన్నలు ఒక్కసారి వచ్చి మళ్లీ కనిపించకపోవడానికి కారణం ఇదేనని నా అనుమానం.

ఇక ఫిర్యాదులు. పాటల్లో సగానికి పైగా ఇంగ్లిషు రైమ్సే, అవీ స్పీకర్‌లోంచి. చిన్న గదిలో ఆ సౌండు పిల్లలకు ఎక్కువ. ఒక బాబు ప్రతిసారీ చెవులు మూసుకుంటాడు. తగ్గించమంటే ఆ రోజు తగ్గిస్తారు, వచ్చే వారం మళ్లీ మామూలే. ఎదురుగా మంచి గొంతున్న టీచరు ఉండగా స్పీకర్ ఎందుకో నాకైతే అర్థం కాలేదు. అడిగితే, తెలుగు పాటలే ఉంటే తల్లిదండ్రులు చేర్పించరని చెప్పారు. ఆ మాట అబద్ధమని నేననలేను. మా బ్యాచ్‌లోనే ఒకాయన "ఇంగ్లిషు అలవాటవుతుందని పంపిస్తున్నాం" అన్నారు.

విచిత్రమేమిటంటే, గోడ మీద ఫొటో పెట్టిన హంగరీ సంగీతకారుడు జోల్తాన్ కొదాయ్ (1882–1967) జీవితమంతా చెప్పింది దీనికి ఎదురు. పిల్లలకు ముందు తమ భాషలో, తమ ఊళ్ల జానపదాలతోనే సంగీతం మొదలుపెట్టాలన్నాడాయన. ఆయన లెక్కన చూస్తే మన దగ్గర బతుకమ్మకు మించిన పాఠం ఏముంది? గుండ్రంగా తిరగడం, వంగి చప్పట్లు, ఒకరు చెప్తే అందరూ అందుకోవడం. పాటంతా రాని పిల్ల కూడా చివర "ఉయ్యాలో" దగ్గర గొంతు కలుపుతుంది.

ఈ మాట క్లాసులో తేల్చింది మా అమ్మే. మొదటిసారి వెళ్లొచ్చి "గీ చప్పట్లకు పదారు వందలా బిడ్డా? మా వాడకట్టుల ఊకెనే కొట్టినం గదా" అంది. అదే మాట టీచరుకూ చెప్పిందట. ఆవిడ నొచ్చుకోకుండా, అయితే మీరే ఒకటి పాడండమ్మా అన్నారట. అప్పటినుంచి అమ్మ వెళ్లిన శనివారం స్పీకర్ కొద్దిసేపు ఆగుతుంది. మిగతా నానమ్మలు కూడా ఒక్కొక్కరు మొదలుపెట్టారు. ఆ పది నిమిషాలే ఈ క్లాసులో అన్నిటికన్నా బాగుంటాయని నా లెక్క.

చిన్న చిన్న ఇబ్బందులు ఇంకా ఉన్నాయి. లిఫ్టు లేదు, మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కష్టం. బండ్లు రోడ్డు మీదే పెట్టాలి. మానేసిన క్లాసుకు బదులు క్లాసు ఇవ్వరు. నాలాంటి షిఫ్టు డ్యూటీ వాళ్లకు ఇది నష్టమే. గిలకలు క్లాసు అయ్యాక తుడుస్తారు గానీ, మధ్యలో ఒకరి నోట్లోది ఇంకొకరి నోట్లోకి పోతూనే ఉంటుంది. జలుబుగా ఉంటే ఆ వారం పంపకండి.

ఎవరికి పనికొస్తుందంటే, ఇంట్లో ఫోన్ చూపించి అన్నం తినిపించేవాళ్లకు. రెండేళ్ల పిల్లలకు తెర ముందు గంట మించకూడదని, తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మా ఇంట్లో గంట ఎప్పుడో దాటింది. ఇప్పుడు అన్నం దగ్గర ఫోన్ అడిగితే గిన్నె మీద చెంచాతో తాళం వేసి పాడతాం. రోజూ పనిచేస్తుందని చెప్పను, కానీ చాలాసార్లు పనిచేస్తుంది. పిల్ల త్వరగా పాటలు నేర్చి ఫంక్షన్లలో పాడాలి అనుకునేవాళ్లు మాత్రం డబ్బు దండగ చేసుకోకండి. నాలుగైదేళ్లు ఆగి, మామూలు సంగీతం టీచరు దగ్గర చేర్పించండి.

వచ్చే నెలకు ఫీజు కట్టేశాను. బతుకమ్మ, దసరా సెలవులకు రెండు శనివారాలు క్లాసు ఉండదట. ఆ నెల సగం ఫీజే తీసుకుంటారా అని ఇంకా అడగలేదు. అమ్మతో అడిగిస్తా.