నోట్సును కలిపే లంకె: ఫైలు పేరా, సొంత ట్యాగా, ఐడీనా?

నోట్సు కొద్దిగా ఉన్నంతవరకు ఏ పద్ధతైనా ఒకటే. వందలు దాటి, పేర్లు మార్చడం, ఫోల్డర్లు సర్దడం మొదలయ్యాకే అసలు తేడా బయటపడుతుంది.

జోడు చదరపు బ్రాకెట్లలో ఫైలు పేరు రాసే [[ ]] పద్ధతి అన్నిటికంటే సులువు. నోట్సు రాసుకునే అబ్సిడియన్ యాప్ లోపల పేరు మారిస్తే లంకెలను అదే సరిచేస్తుంది. ఫైల్ మేనేజర్‌లోనో టెర్మినల్‌లోనో మారిస్తే మాత్రం పాత లంకెలు తెగిపోతాయి. పైగా ఇది నేరుగా చూపేది ఫైలును; లోపలి పేరాకు వెళ్లాలంటే శీర్షికనో బ్లాకు గుర్తునో తోడు చేర్చాలి.

నా ఓటు విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్ ట్యాగులకు, అంటే లంకె చేరాల్సిన చోట మనమే పెట్టుకునే పేర్లకు. విమ్ సహాయ పత్రాలు నడిచేదే ఈ పద్ధతి మీద. గమ్యం దగ్గర పేరును రెండు నక్షత్రాల మధ్య *పన్ను_లెక్క* అని రాసి, ‘హెల్ప్‌ట్యాగ్స్’ ఆదేశానికి ఆ ఫోల్డర్ చూపిస్తే ‘ట్యాగ్స్’ అనే సాదా ఫైలు తయారవుతుంది. ఆ ఫోల్డర్‌లో ఇంకెక్కడైనా ఆ పేరు మీద కర్సర్ పెట్టి కంట్రోల్‌తో ] నొక్కితే అక్కడికి వెళ్తాం, కంట్రోల్-టీ వెనక్కి తెస్తుంది. ఆ ఫైలులో ఉండేది పంక్తి సంఖ్య కాదు, వెతకాల్సిన పేరు. అందుకే గమ్యానికి పైన ఎన్ని పేరాలు చేర్చినా లంకె చెదరదు. దాన్ని వేరే ఫైలుకు తరలిస్తే ఆదేశాన్ని మళ్లీ నడిపితే చాలు, లంకెలు రాసిన చోట అక్షరం మార్చక్కర్లేదు. ఒకే పేరు రెండుచోట్ల పెడితే ఆదేశమే తప్పు చూపిస్తుంది. ఈ కాపలా నాకు బాగా నచ్చింది.

చిక్కులూ ఉన్నాయి. ఈ ఆదేశం సాదా గుర్తులతో రాసే మార్క్‌డౌన్ ఫైళ్లను పట్టించుకోదు. వాటికి, ట్యాగ్స్ ఫైలు తయారుచేసే మరో ప్రోగ్రామ్ యూనివర్సల్ సీట్యాగ్స్‌లో సొంత నియమం రాసుకోవాలి. పేరులో హైఫన్ ఉంటే మామూలు ఫైళ్లలో కర్సర్ కింది మాట సగానికే తెగుతుంది కాబట్టి అండర్‌స్కోర్ మేలు.

ఈమాక్స్ అనే మరో ఎడిటర్‌లో నోట్సు రాసే ఆర్గ్ మోడ్, ఒక భాగానికి ఇచ్చే గుర్తు (ఐడీ) ఇంకా గట్టిది. శీర్షిక మార్చినా, ఆ భాగాన్ని మరో ఫైలులోకి తరలించినా గుర్తు దాని వెంటే వెళ్తుంది. కానీ ఆ పొడవాటి అంకెలూ అక్షరాలూ మనిషి చదివేవి కావు. ఈమాక్స్ బయట వాటి విలువ తక్కువ. రోజూ అందులోనే ఉండేవారు మరో ఆలోచన లేకుండా ఇదే తీసుకోవచ్చు.

హ్యాష్‌ట్యాగ్‌ను ఈ పోటీలో చేర్చను. అది నోట్సును గుంపు చేస్తుంది, ఫలానా చోటికి తీసుకెళ్లదు.

తెలుగులో పేర్లు పెట్టేవారు ఒకటి చూసుకోవాలి. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో అక్షరాలను విడదీసే, వెడల్పు లేని గుర్తు ఒకటి పడుతుంది. అది ఒకచోట ఉండి మరోచోట లేకపోతే కంప్యూటర్‌కు అవి వేర్వేరు పేర్లే. అలాంటి మాటలను ట్యాగుల్లో వాడకండి, మిగతావి విమ్‌లో టైపు చేసేటప్పుడు కంట్రోల్-ఎక్స్, తర్వాత కంట్రోల్‌తో ] నొక్కితే ఉన్న ట్యాగుల జాబితా నుంచి ఎంచుకోవచ్చు.