బియ్యం పళ్లెం, సంగటి ముద్ద, నీళ్లు, స్టీలు గిన్నెలు: ఏడాదిలోపు బిడ్డకు ఆడుకోను ఏది మేలు?

మా పాపకు తొమ్మిది నెలలు నిండాయి. కంటికి కనబడిందల్లా చేతికి కావాలి, చేతికి అందిందల్లా నోటికి పోవాలి. ఈ వయసు బిడ్డలు లోకాన్ని తెలుసుకునేదే వేళ్లతో, నోటితో. అందుకే కొన్న బొమ్మలు పక్కనపెట్టి, తిరుపతిలో మా రెండు గదుల ఇంట్లో ఉన్నవాటితోనే ఆడించి చూశాను.

వీడియోల్లో ఎక్కువగా కనబడేది బియ్యం పళ్లెం. చేతులు ముంచి జల్లుకుంటుంటే ముచ్చటగానే ఉంటుంది. కానీ తొమ్మిది, పది నెలలకు బొటనవేలు, చూపుడువేలు కలిపి చిన్న గింజను పట్టుకోవడం వస్తుంది. మా పాప ఒక్క గింజ ఏరి నేరుగా ముక్కు దగ్గరికి తీసుకుపోయింది. పళ్లెం అప్పుడే ఎత్తేశాను. మన వైపు ప్రతి ఇంట్లో ఉండే చెనక్కాయ విత్తనాలు, చింతగింజలు ఇంకా ప్రమాదం, గొంతుకు అడ్డం పడతాయి. బొమ్మల భద్రత పరీక్షలో ఒక గొట్టం వాడతారు, దాని వెడల్పు సుమారు 3.2 సెంటీమీటర్లు. అందులో మొత్తంగా పట్టే వస్తువు మూడేళ్లలోపు బిడ్డ చేతికి ఇవ్వకూడదు. నేను దీన్నే కొలతగా పెట్టుకున్నాను.

సంగటి మాట చెప్పింది మా అత్త. ఆమెది పలమనేరు వైపు పల్లె. “మనకు కెలికిన దాంట్లోంచే ఇంత తీసిపెట్టమ్మా, నోట్లో పెట్టుకుంటే పెట్టుకోనీ” అనింది. ఆ మాటతో నా భయం సగం తగ్గింది. పాప ఎటూ రాగి జావ తాగుతోంది. ఇప్పుడు ఆమె కోసం ఉప్పు, బియ్యం లేకుండా ఉత్త రాగిపిండితోనే మెత్తగా కెలుకుతున్నాను. పొడిచేతికి అంటుకుంటుంది, తడిచేతిలో జారుతుంది, వేలు గుచ్చితే గుంట నిలుస్తుంది. ఆ గుంటను చూసి మళ్లీ గుచ్చుతుంది. అరగంట సేపు ఇదే పని. పచ్చి పిండి కలిపి ఇవ్వొద్దు, ఉడకని పిండిలో క్రిములు ఉండొచ్చు. ఉప్పు బాగా వేసి చేసే ఆట ముద్దలు అసలే వద్దు, నోట్లోకి పోతే అంత ఉప్పు బిడ్డకు హాని. ఇంకో జాగ్రత్త, సంగటి పైన చల్లారినా లోపల కాగుతూనే ఉంటుంది. విరిచి, లోపలి భాగం నా మణికట్టు మీద పెట్టుకుని చూశాకే ఇస్తాను. పెద్ద ముద్దగా కాకుండా పళ్లెంలో పలచగా పరిచి పెడతాను. కింద పాత నూలు చీర వేస్తాను. నేల మీద ఎండిపోయిన రాగిని గీకి తీయడం ఎంత కష్టమో కెలికిన గిన్నె తోమినవాళ్లకు తెలుసు.

నీళ్ల ఆటలో పాప నవ్వినంతగా ఇంకే ఆటలోనూ నవ్వలేదు. ఎండ 40 డిగ్రీలు దాటే మే నెలలో సంగటి కంటే ఇదే హాయి. కానీ మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్లు చెయ్యి కాలేంత వేడిగా వస్తాయి, కాబట్టి పొద్దున్నే పట్టి పెట్టుకోవాలి. బిడ్డ మునిగిపోవడానికి రెండు అంగుళాల లోతు చాలు. అందుకే వెడల్పు పళ్లెంలో వేలి మందాన నీళ్లు పోసి, చెయ్యి చాపితే అందేంత దగ్గరే కూర్చుంటాను. ఫోను మోగినా లేవను. ఆట అయిపోగానే నీళ్లు పారబోస్తాను.

స్టీలు గిన్నెలు, మూతలు వంట చేసుకునేటప్పుడు అక్కరకొస్తాయి. చల్లగా తగులుతాయి, మొహం కనబడుతుంది, మోగుతాయి. గరిటెను గిన్నె కింద దాచితే ఎత్తి వెతుక్కుంటుంది. అంచులు కోసుకోకుండా ఉన్నవి చూసి ఇస్తే చాలు. అంగట్లో కొన్న కొయ్యబొమ్మ మాత్రం మా ఇంట్లో అలమారా పైనే ఉంది. దానికి ఏ రంగు వేశారో తెలియకుండా చీకనివ్వలేను.

నా లెక్కలో సంగటికే మొదటి చోటు. మనిషి కదలకుండా పక్కన కూర్చోగలిగిన రోజు నీళ్లు, పనుల మధ్య గిన్నెలు. బియ్యం డబ్బా మూత మాత్రం ఇప్పుడప్పుడే తీయను.